మూడో బల్ల వెనక దగ్గు

నాకు ఎరుపు తెలియదు. పచ్చికాయకూ పండుకాయకూ తేడా తెలియదు, పసుపు ఎక్కడ ఆగి నారింజ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. చిన్నప్పుడు కదిరి దగ్గర మా ఊళ్ళో మిరపతోటకు పంపించి పండుకాయలు మాత్రం కోసుకు రమ్మంటే, పచ్చివీ పండువీ కలిపి గంప నింపుకొని వచ్చేవాణ్ణి. ఒళ్ళు వంగని వెధవనని నాయన వీపు విమానం మోత మోగించేవాడు. లోపం నా కళ్ళలో ఉందని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

అలాంటివాణ్ణి తీసుకొచ్చి అనంతపురంలో బి.ఎస్సీ. కెమిస్ట్రీలో చేర్చారు. యాభైల చివరి మాట. వరసగా వానలు ఎగ్గొట్టి చెనిక్కాయ చేలన్నీ మాడిపోయాయి. ఈ మట్టి నాతోనే పోనీ, నువ్వు ఆఫీసరువైతే చాలు అన్నాడు నాయన. ఏ కాలేజీయో చెప్పను. తప్పు కాలేజీది కాదు, మాది. అందులోనూ ఎక్కువ భాగం నాది.

ల్యాబులో అడుగుపెట్టిన మొదటి నెలలోనే నా పని అయిపోయింది. బ్యూరెట్ అని ఒక పొడవాటి గాజు గొట్టం ఉంటుంది, దాని అడుగున చిన్న కుళాయి. గొట్టంలో యాసిడ్ పోసి, కింద ఫ్లాస్కులోకి చుక్కచుక్కగా వదలాలి. ఫ్లాస్కులో ముందే రెండు చుక్కల రంగుమందు వేసి ఉంటారు. పసుపుగా ఉన్నది ఏ చుక్కతో నారింజకు తిరుగుతుందో ఆ చుక్క దగ్గర కుళాయి కట్టేసి, గొట్టం మీద అంకె చూసి రాసుకోవాలి. చదువు రానివాడు కూడా చేయగల పని. నాకు మాత్రం ఆ రంగు ఎప్పటికీ తిరిగేది కాదు. గొట్టం ఖాళీ అయ్యేదాకా వదులుతూనే ఉండేవాణ్ణి.

నా సంగతి మొదట కనిపెట్టింది ల్యాబు అటెండరు.

నలభై దాటిన మనిషి. స్టేషను వెనక పేటలో ఉండే క్రైస్తవుడు, మిషను బళ్ళో నాలుగో తరగతి దాకా చదివాడు. సీసాలు కడగడం, దీపాల్లో స్పిరిటు పోయడం, బీరువా తాళాలు చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఇప్పుడు ఆయన అంటున్నాను గానీ అప్పుడు మాకు వాడే. పద్దెనిమిదేళ్ళ గాడిదలం, తండ్రి వయసువాణ్ణి "ఏమిరా, ఇటు రారా" అని పిలిచేవాళ్ళం. ఆయన మమ్మల్ని సామీ అనేవాడు. ఇంత కాలానికి నేను కలిపే ఈ "ఆయన" వల్ల ఆయనకు ఒరిగేది ఏమీ లేదని నాకు తెలుసు.

ఆయన కళ్ళు మాత్రం కళ్ళు. ల్యాబుకు ఆ చివర సీసాలు కడుగుతూ, ఈ చివర ఎవరి ఫ్లాస్కులో రంగు తిరిగిందో చెప్పేసేవాడు. "ఆ సామి ఒగ చుక్క ఎక్కువేసినాడు" అని తనలో తను గొణుక్కునేవాడు. డెమాన్‌స్ట్రేటరు వెళ్ళి చూస్తే నిజంగానే ఒక చుక్క ఎక్కువయ్యేది.

ఒకరోజు నా వెనక నిలబడి, కాసేపు చూసి, మెల్లగా అడిగాడు. "సామీ, నీకు రంగు తెలీదా?"

"తెలుసు. నీ పని చూసుకో పోరా."

"తెలిస్తే ఇంతసేపు ఇడుస్తావా? అది ఎప్పుడో ఎర్రగయింది గదా."

నా ముఖం ఎలా పెట్టానో ఏమో, ఆయన ఇంకా గొంతు తగ్గించాడు. "నేనెవురికీ చెప్పను లే సామీ. నువ్వు ఇడుస్తా ఉండు, నేను యెనక ఉంటా. నేను దగ్గితే కట్టేయ్."

అలా మొదలైంది. కిటికీ పక్కన మూడో బల్ల నాది. నా బ్యూరెట్ కుళాయి తిప్పితే కీచుమనేది. ఆయన తడిగుడ్డతో పక్క బల్ల తుడుస్తున్నట్టు నటించేవాడు. దగ్గేవాడు. నేను కట్టేసేవాణ్ణి. మొదటి ఏడాది పరీక్షలో ఆ దగ్గుతోనే ప్యాసయ్యాను, అదీ మంచి మార్కులతో. నా చేయి చాలా నిలకడైనదని లెక్చరరు క్లాసులో మెచ్చుకుంటే సిగ్గులేకుండా నవ్వుతూ నిలబడ్డాను. ఆయనకు ఏమిచ్చాననా? ఏమీ ఇవ్వలేదు. ఆయన అడగలేదు, నాకు గుర్తు రాలేదు.

ఇక తాగుడు సంగతికి వస్తాను.

మద్యనిషేధం ఉన్న రోజులు. ఊళ్ళో కల్లు అంగడి లేదు, సారా అంగడి లేదు. డాక్టరు చీటీ ఉన్న పెద్దమనుషులు పర్మిట్టు మీద బ్రాందీ తెచ్చుకునేవాళ్ళు. కూలివాళ్ళు మందుల షాపులో సొంఠి టించరు కొని తాగి పోలీసుల చేత తన్నులు తినేవాళ్ళు. ఆ రెండింటికీ మధ్య మా హాస్టలు ఉండేది. దొరకనిదాని మీద మాకున్నంత మోజు దొరికేవాళ్ళకు ఉండదు. ఎవడు ఎక్కడ ఏం తాగాడన్నదే మా పరువు, మా ప్రతిష్ఠ. తాగనివాణ్ణి ఆడపిల్ల అని ఏడిపించేవాళ్ళం. ఒక పౌరోహిత్యం చేసే ఇంటి కుర్రవాణ్ణి నలుగురం పట్టుకుని, నోరు తెరిపించి టించరు పోసి, వాడు ఏడుస్తుంటే చప్పట్లు కొట్టాం. ఆ వారమే వాడు ట్రంకు పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోయాడు. మాకదో వేడుక, రెండు రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం.

నాకు ఇద్దరు జతగాళ్ళు. ఒకడిది మడకశిర వైపు. ఇంట్లో గొర్రెల మంద ఉండేది, మాటలో సగం కన్నడం. సరిహద్దు దాటి సైకిలు ట్యూబులో సారా నింపుకుని, నడుముకు చుట్టుకుని, మీద దుప్పటి కప్పుకుని బస్సెక్కి వచ్చేవాడు. రబ్బరు కంపు కొట్టే ఆ సారా మాకు అమృతం. రెండోవాడు కాంట్రాక్టరు కొడుకు. వాళ్ళది పెద్ద రైతు కుటుంబం. తండ్రి రోడ్డు కాంట్రాక్టులు చేసేవాడు, ఎన్నికలొస్తే జీపు వేసుకుని తిరిగేవాడు. మేమిద్దరం కాంట్రాక్టరు కొడుకు ఏమంటే అది చేసేవాళ్ళం.

రెండో ఏడాది, కాలేజీ వార్షికోత్సవం దగ్గరికొచ్చింది. ఆ రాత్రి హాస్టలు మొత్తానికీ మందు పోయించి పేరు కొట్టేయాలని కాంట్రాక్టరు కొడుక్కి కోరిక పుట్టింది. సైకిలు ట్యూబు ఎంతమందికి సరిపోతుంది? అప్పుడు వాడి కళ్ళు ల్యాబులో దీపాలకు వాడే స్పిరిటు డబ్బా మీద పడ్డాయి.

ఆ స్పిరిటు ఎవరూ తాగకూడదనే దాన్లో విషం కలిపి, ఊదారంగు వేసి పంపుతారు. ఆ విషం పేరు మాకు తెలుసు. దాని గుణాలు ఒకటీ రెండూ మూడూ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం. ఏమీ తెలియని కూలివాడు దాని జోలికి పోయేవాడు కాదు. సగం తెలిసిన మేము పోయాం. అసలు మందు కంటే విషమే తక్కువ వేడికి ఆవిరవుతుందని పుస్తకంలో ఉంది. కనుక వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి కాసేపు కాగబెడితే విషం లేచిపోతుంది, బొగ్గుపొడి పోసి వడకడితే రంగు పోతుంది, మిగిలేది మంచి సరుకు. ఇదీ మా శాస్త్రం. నల్లబల్ల మీద సుద్దతో లెక్క కూడా వేసుకున్నాం. నా చేయి నిలకడైనదని వడకట్టే పని నాకు అప్పజెప్పారు.

పరీక్షకు తర్ఫీదు కావాలని చెప్పి ఒక ఆదివారం మధ్యాహ్నం అటెండరు చేత ల్యాబు తెరిపించాం. ఆయన చర్చి నుంచి నేరుగా వచ్చాడు. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల. తాళం తీసి, మేము చేసేది కాసేపు చూసి, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

వడకట్టడం అయ్యాక బీకరు ఎత్తి వెలుతురుకు పట్టాను. నా కళ్ళను నేనే నమ్మను గనక ఆయన్ని పిలిచాను. "రంగు ఏమన్నా మిగిలిందేమో చూడరా."

ఆయన బీకరు తీసుకుని కిటికీ వైపు తిప్పి చూశాడు. "ల్యాదు సామీ. నీళ్ళ మాదిరి ఉండాది."

చెంచాలో పోసి ముట్టిస్తే నీలిమంట వచ్చింది. నీలిమంట వస్తే మంచి సారా అని మడకశిరవాడు వాళ్ళ ఊరి పరీక్ష చెప్పాడు. విషానికీ అదే మంట వస్తుందని మా పుస్తకంలోనే ఉంది. ఆ ముక్క ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పుడు కాంట్రాక్టరు కొడుకు వాళ్ళింటి ఆచారం చెప్పాడు. "మా ఇంట్లో కొత్తగా సారా దింపితే ముందు జీతగానికి పోస్తారప్పా. వాడు గంటసేపు నిటారుగా నిలబడినాడంటే, అప్పుడు మా నాయన ముట్టుకుంటాడు." అని అటెండరు వైపు చూశాడు. "ఏమిరా, పట్టు."

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేను తాగను సామీ. మానేసినా. క్రిస్మస్ నాడు చర్చిలో అందరి ముందర ఒట్టు పెట్టుకున్నా. మా ఆడది ఏడ్సి ఏడ్సి మానిపిచ్చింది."

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు. తాగుతావా, పోయి ప్రిన్సిపాలుకు దగ్గు సంగతి చెప్పల్లా?"

ఆయన నా వైపు తిరిగాడు. దగ్గు సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసని ఆయన అనుకుంటున్నాడు. ఒకనాడు సైకిలు ట్యూబు మహిమలో నేనే అది ఈ కాంట్రాక్టరు కొడుక్కి చెప్పి, అటెండరు దగ్గే తీరు అనుకరించి నవ్వించాను. ఆ బెదిరింపు నిజమైతే నా మెడకూ చుట్టుకుంటుంది. అయినా కాంట్రాక్టరు కొడుకు నన్ను ఏమీ చేయడని నాకు తెలుసు, అటెండరుకూ తెలుసు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

ఆయన తాగాడు. సగం బీకరు, నీళ్ళూ పంచదారా కలిపి ఇచ్చాం. కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగి, చొక్కా చేత్తో మూతి తుడుచుకున్నాడు.

గంటసేపు చూస్తే చాలు. అరగంటకే మాకు విసుగు పుట్టింది. ఆయనకు అప్పుడప్పుడే కైపెక్కుతోంది. చర్చిలో పాడిన పాట పాడమన్నాం. పాడాడు. ఇంకో బీకరు పోసి, మళ్ళీ గట్టిగా పాడమన్నాం. పాస్టరు ఎలా నిలబడతాడో చూపించమన్నాం, బల్లెక్కి చూపించాడు. మడకశిరవాడు నేల మీద దొర్లి నవ్వాడు. నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి వచ్చింది. మేము తాగడం కంటే ఆయన చేత తాగించడమే బాగుంది. కాచిందంతా ఆయన గొంతులోనే పోశాం. మాకు మళ్ళీ కాచుకోవచ్చు అనుకున్నాం. చివర్లో ఆయన బల్ల దిగి, నా భుజం పట్టుకుని, "నేను చెడిపోతి సామీ" అని ఏడ్చాడు. దానికీ నవ్వాం.

గంట గడిచింది. మనిషి నిలబడే ఉన్నాడు. పరీక్ష నెగ్గిందని తేల్చుకుని, ఆయన చేతనే తాళం వేయించి, సినిమాకు పోయాం.

ఆ విషం తాగిన గంటలో ఏమీ చేయదు. తాపీగా ఒక రాత్రి తీసుకుంటుంది. ఆ సంగతి నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను.

సోమవారం పది గంటలకు ల్యాబు. ఆయన వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. పొద్దున రెండుసార్లు వాంతి అయిందని, తల పగిలిపోతోందని చెప్పాడు. బయట ఎండ మండిపోతోంది. "ఊరంతా మంచు పట్టినట్ల ఉండాది సామీ, చూడు" అన్నాడు. యాసిడ్ సీసా అందుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నాడు. పుస్తకాలు తెరిచి కూర్చున్న నలభైమందీ తాగి వచ్చాడని నవ్వారు. పదకొండు గంటలప్పుడు బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఎవరినీ ఉద్దేశించకుండా అడిగాడు.

"కిటికీలు ఎందుకు మూసినారు సామీ?"

కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఎండ ఆయన ముఖం మీదే పడుతోంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

జట్కాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పక్కన కూర్చుని పట్టుకున్నది నేనే. డాక్టరు కనురెప్పలు ఎత్తి దీపం పెట్టి చూసి, మా వైపు తిరిగి, "ఏం తాగాడు? ఎప్పుడు తాగాడు? ఎంత? నిజం చెప్పండి, టైము లేదు" అన్నాడు. నాకు తెలియదు సార్ అన్నాను. మళ్ళీ అడిగాడు. ఒట్టు సార్, తెలియదు అన్నాను. ఏం కలిపిన ఏ సరుకో తేలక డాక్టరు కడుపు కడిగించి, సెలైన్ పెట్టించి, సాయంత్రం దాకా ఊరికే వెతుకులాడాడు.

ఈ విషానికి మంచి సారాయే విరుగుడు. చూపు మసకబారిన తొలి గంటల్లోనైనా కొలత ప్రకారం పట్టిస్తే కళ్ళు దక్కే అవకాశం ఉందట. ఆ రోజు హాస్టల్లో మడకశిరవాడి మంచం కింద సైకిలు ట్యూబు నిండుగా ఉంది. నేను తెలియదు అనకుండా స్పిరిటు అని ఒక్క మాట అని ఉంటే, డాక్టరు దాన్నో, పర్మిట్టు బ్రాందీనో తెప్పించేవాడు. ఇది తెలిసిన రోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. మర్నాడు మామూలుగానే తిన్నాను.

ఆయన ప్రాణం దక్కింది. రెండు కళ్ళూ పోయాయి.

డబ్బాలో స్పిరిటు తగ్గిందని తేలింది. విచారణ మొదలైంది. కాంట్రాక్టరు జీపులో వచ్చి ప్రిన్సిపాలు గదిలో తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. బయటికొచ్చి మా ముగ్గురినీ వేపచెట్టు కిందికి పిలిచాడు. కొడుకు చెంప ఛెళ్ళుమనిపించి, జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చాడు.

"ఆ అటెండరుగాడు నిన్ను నమ్ముతాడంట గదా. పోయి దీని మీద సంతకం పెట్టిచ్చుకోని రా. లేకపోతే ముగ్గురికీ పరీక్ష లేదు, ఏమీ లేదు. మీ నాయనకు నువ్వే చెప్పుకో."

కాగితంలో మూడు వాక్యాలు. నేను చాలా కాలంగా ల్యాబులోని స్పిరిటును దొంగతనంగా తాగుతున్నాను. ఆదివారం నాడు నాకై నేనే తాళం తీసి తాగాను. దీనికి విద్యార్థులెవరికీ సంబంధం లేదు. కింద చుక్కల గీత.

పేటలో ఆయన ఇంటికి మధ్యాహ్నం వెళ్ళాను. భార్య చెనిక్కాయల మిల్లుకు పనికి పోయింది. ఆయన ఒక్కడే నులక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను గడప దాటకముందే అడుగుల చప్పుడును బట్టి, "మూడో బల్ల సామేనా?" అన్నాడు. ముఖం వెలిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన్ని చూడటానికి కాలేజీ నుంచి వచ్చిన మొదటివాణ్ణి నేనేనట.

"ఈడ కూర్చో సామీ. ముంతలో నీళ్ళుండాయి, తాగు. మా ఇంట్లో తాగుతావో లేదో."

తాగలేదు. ఆయన తరఫున కాలేజీకి ఒక అర్జీ రాసుకొచ్చానని చెప్పాను. చదువుతా విను అని, కాగితం కళ్ళ ముందు పెట్టుకుని, దాన్లో లేనిది చదివాను. అయ్యా, ల్యాబులో పని చేస్తుండగా మందుల ఆవిరి తగిలి నా చూపు పోయింది. ఇందులో నా తప్పు లేదు. నాకు భార్యా కూతురూ ఉన్నారు. దయతో నా భార్యకు కాలేజీలో ఏదైనా పని ఇప్పించ ప్రార్థన. ఎక్కడా తడబడలేదు. గొంతు కాస్త జాలిగా కూడా పెట్టాను.

ఆయన తల ఊపుతూ విన్నాడు. "బాగా రాసినావు సామీ" అన్నాడు. ఆ వెంటనే "ఆదివారం సంగతి రాయల్యా గదా? మీ ముగ్గురి మాట యాడా రాలేదు గదా?" అని అడిగాడు.

"రాలేదు."

"రాకూడదు. సదువుకునే పిల్లోళ్ళు. నా కర్మ ఎట్లాగూ కాలింది, మిమ్మల్ని కూడా చెరపల్లా?"

ఆ మాటకు నేను లేచి పారిపోయి ఉండాలి. కాగితం చించేసి ఉండాలి. నాకు కలిగింది మాత్రం తేలిక. హమ్మయ్య, పని సులువైంది అనుకున్నాను. దీన్ని మార్చి రాయడానికి ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ప్రయత్నించాను. మారడం లేదు.

వేలిముద్ర వేస్తావా అంటే ఆయనకు కోపమొచ్చింది. "నాకు సంతకం వస్తాది సామీ" అన్నాడు. పెన్ను చేతిలో పెట్టాను. ఎడమచేతి వేళ్ళతో కాగితం అంచులు తడిమి, "ఈడనా?" అన్నాడు.

"ఇంకొంచెం కిందికి."

"ఈడ?"

"ఇంకొంచెం. చాలు."

మణికట్టు పట్టుకుని చుక్కల గీత మీద ఆనించాను. నాలుగక్షరాల పేరు, ఒక్కో అక్షరం ఊపిరి బిగబట్టి రాశాడు. గీత దాటకుండా కుదిరిందా అని అడిగాడు. బాగా కుదిరిందని చెప్పి బయటపడ్డాను.

పది రోజులకు ఉద్యోగం తీసేసినట్టు ఆర్డరు వెళ్ళింది. ఆయన భార్య దాన్ని పాస్టరు చేత చదివించింది. స్పిరిటు దొంగతనంగా తాగే అలవాటు ఉన్నట్టు నీవే రాతపూర్వకంగా ఒప్పుకున్నందున అని అందులో ఉంది. అది ఆదివారం కావడంతో చర్చి వాకిట్లో అందరూ విన్నారు. ఒట్టు తప్పినవాడని ఆయన్ని చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు రానివ్వకుండా నిలిపేశారు. కూతుర్ని మిషను బడి మాన్పించి తల్లితోపాటు మిల్లుకు పంపారు. ఇవన్నీ పేట నుంచి పాలు పోయడానికి హాస్టలుకు వచ్చే ఆమె వంటవాళ్ళకు చెబుతుంటే విన్నాను. విని, రికార్డు పుస్తకంలో బొమ్మలు వేసుకుంటూ కూర్చున్నాను. ప్రాక్టికల్ పరీక్ష నాలుగు రోజుల్లో ఉంది. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ నాకున్న దిగులు ఒకటే. ఇప్పుడు నా వెనక ఎవడు దగ్గుతాడు?

పరీక్ష ఉదయం. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు గట్టి మనిషి, బల్లల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. నాకు వచ్చింది అదే, యాసిడ్, క్షారం, పసుపు, నారింజ. బ్యూరెట్ నింపి, కుళాయి తిప్పాను. కీచుమంది. ఫ్లాస్కు ఊపుతూ దాన్లోకి ఎంత చూసినా నాకు మిరపతోటే కనపడుతోంది.

అప్పుడు వాకిట్లో అలికిడైంది. అటెండరు, ఆయన భార్య. బీరువా తాళాల గుత్తి ఇంకా ఆయన దగ్గరే ఉండిపోయింది. దాన్ని అప్పజెప్పి పొమ్మని కబురు పెట్టారట. భార్య లోపలికి రావడానికి జంకి గడప దగ్గరే నిలబడింది. ఆయన ఒక్కడే, బల్లల అంచులు వేళ్ళతో తాకుతూ, ఎవరికీ తగలకుండా నడిచి డెమాన్‌స్ట్రేటరు మేజా దాకా వెళ్ళి, తాళాలు పెట్టాడు. ఆ గదిలో ఆయనకు కళ్ళతో పని లేదు. తిరిగి వస్తూ నా వెనకాల ఆగాడు.

నా కుళాయి కీచుమంటోంది. చుక్కలు పడుతున్నాయి. ఆయన కదలడం లేదు. ఊపిరి నా మెడ మీద తగులుతోంది.

దగ్గాడు.

నా చేయి దానంతటదే కుళాయి కట్టేసింది.

అప్పుడు నాకు పట్టిన సంతోషం ఎలాంటిదో చెబితే మీరు నా ముఖాన ఉమ్మేస్తారు. క్షమించేశాడు అనుకున్నాను. చుక్కల చప్పుడును బట్టో, వాసనను బట్టో, ఎలాగో కనిపెట్టి నన్ను గట్టెక్కించాడు అనుకున్నాను. కళ్ళు తీసినా నా కోసం చూసే మనిషి ఒకడున్నాడని పొంగిపోయాను. గొట్టం మీద అంకె చూశాను, పదకొండు చిల్లర. అందరికీ ఇరవై దాటి వస్తోందని పక్క బల్లల గుసగుసలు వినపడుతూనే ఉన్నాయి. వాళ్ళ మాట నమ్మలేదు. ఆయన దగ్గును నమ్మాను. పుస్తకంలో ఒకే అంకె మూడుసార్లు, మూడుసార్లు చేసినట్టుగా, అందంగా రాసేశాను.

ఎగ్జామినరు వచ్చి నా పుస్తకం చూశాడు. ఫ్లాస్కు చూశాడు. ఫ్లాస్కును చేత్తో ఎత్తి గదంతటికీ కనపడేలా పట్టుకున్నాడు.

"ఏమిటయ్యా ఇది? పచ్చగా పసుపు కొమ్ములా ఉంది, అప్పుడే ఎండ్ పాయింట్ వచ్చిందని రాశావు! కళ్ళున్నాయా లేవా? గుడ్డివాడివా?"

నేను తిరిగి చూశాను. అటెండరు అప్పటికి గడప దగ్గరికి చేరుకున్నాడు. భార్య ఆయన చేయి పట్టుకుని, గుడ్డివాడన్న మాట విని ఉలిక్కిపడి, లోపలికి చూస్తూ అడిగింది. "ఎవుర్ని అంటాండారు? నిన్నేనా?"

ఆయన మెట్టు కోసం కాలితో తడుముకుంటున్నాడు. ముఖంలో ఏమీ లేదు.

"నన్ను కాదులే. పద" అన్నాడు.

ఇద్దరూ మెట్లు దిగి ఎండలోకి వెళ్ళిపోయారు.